పూస సర్దితే జ్వరాలు ఆగవు

మెడ పట్టుకుని చటుక్కున పక్కకు తిప్పడం, టపటపమని చప్పుడు, పడుకున్న మనిషి హాయిగా ఊపిరి వదలడం. కైరోప్రాక్టిక్ (చేతులతో వెన్నుపూసలు సర్దే వైద్యం) రీళ్లు చూడనివాళ్లు ఇప్పుడు నెల్లూరులోనూ ఒంగోలులోనూ తక్కువే. నడుంనొప్పికి ఎవరైనా చేయించుకుంటే పేచీ లేదు. ‘పూసలు సర్దితే ఇమ్యూనిటీ పెరుగుతుంది, పిల్లలకు మాటిమాటికీ జలుబు చేయదు’ అనే దగ్గరే పేచీ. ఆ మాటకు ఆధారం లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న మన మెట్ట మండలాల్లో అయితే అది ప్రమాదం కూడా.

ఈ వైద్యం 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో పుట్టింది. డి.డి. పామర్ అనే అయస్కాంత వైద్యుడు ఒక చెవిటి మనిషి వెన్ను సర్ది వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. నూటికి 95 రోగాలకు పక్కకు జరిగిన పూసలే మూలమన్నాడు. వినికిడి నరం వెన్నులోంచి పోనే పోదు, మెదడు నుంచి నేరుగా చెవికి వెళ్తుంది. పునాది అది. ఇక ఆ టపటప చప్పుడు పూస సర్దుకున్నది కాదు, కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడింది. మెటికలు విరిచినా అదే చప్పుడు. అందుకే ఒకసారి మోగిన కీలు ఇరవై నిమిషాలదాకా మళ్లీ మోగదు.

వీపు పూసలు విరిచిన కొద్దిసేపటికి న్యూట్రోఫిల్ కణాలు (క్రిములను మింగే తెల్లకణాలు) చురుకయ్యాయని 1990ల మొదట్లో ఒక ప్రయోగం వచ్చింది. ఇమ్యూనిటీ పెరుగుతుందని వాదించేవాళ్లు దాన్నే చూపిస్తారు. తెల్లకణాలకు నెలవైన ప్లీహానికి నరాలు ఉన్నాయనీ అంటారు, అదీ నిజమే. కానీ మెట్లు పరుగున ఎక్కినా రక్తంలో తెల్లకణాల లెక్క కాసేపు మారుతుంది. తేల్చాల్సింది వేరు: ఏడాదిలో ఎన్నిసార్లు జబ్బుపడ్డారు, టీకా వేశాక యాంటీబాడీలు ఎంత వచ్చాయి. ఆ లెక్క చూపినవారు లేరు. 2020 మార్చిలో కరోనా భయాన్ని కొందరు సొమ్ము చేసుకోబోతే, ఇమ్యూనిటీ పెరుగుతుందనడానికి ఆధారాల్లేవని ప్రపంచ కైరోప్రాక్టిక్ సమాఖ్యే చెప్పింది. సొంత ఇంటివాళ్లే కాదన్న మాటను మనం మోయడమెందుకు?

అసలు సంగతికి వద్దాం. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ తొలిసారి వైద్య పత్రికకెక్కింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నుంచే. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో పేరుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముక సున్నం కొట్టినట్టు తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. గట్టిదనుకుంటే పొరపాటు, అది పెళుసుది. పూసల్ని కట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలా బిగుస్తాయి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. అలాంటి మెడను విసురుగా తిప్పితే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ చచ్చుబడొచ్చు, మూత్రంపై పట్టు పోవచ్చు.

చిక్కేమిటంటే, ఈ జబ్బు మొదట్లో కనిపించేది నడుం పట్టేయడం, మెడ బిగుసుకోవడంగానే. అంటే మెడ విరిపించుకోకూడని మనిషే అందరికంటే ముందు ఆ బల్ల ఎక్కుతాడు!

కాబట్టి బల్ల ఎక్కేముందు ఇంట్లోనే మూడు చూసుకోవాలి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుతున్నాయా? గడ్డం ఛాతీకి ఆనుతోందా? చేతులు పక్కలకు చాచి మడిస్తే తల వెనుక తాకుతున్నాయా? ఒక్కటి కాకపోయినా ఎవరి చేతా మెడ తిప్పించుకోవద్దు. ఎముకల డాక్టరు దగ్గర వెన్నుకూ ముంజేతికీ ఎక్స్‌రే తీయించాలి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే జబ్బు దాదాపు తేలినట్టే.

ఫ్లోరైడ్ లేని ఊళ్లలోనూ మెడకు ఒక గండం ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని మెడ పూసల రంధ్రాల గుండా పైకెక్కి, మొదటి పూస దగ్గర మెలిక తిరుగుతుంది. విసురుకు దాని లోపలి పొర చిరిగి గడ్డకడితే పక్షవాతమే. అరుదే, కానీ సెలూన్లో హెడ్ మసాజ్ చివర ఉచితంగా ఇచ్చే విరుపుకూ ఇది వర్తిస్తుంది. విరిచాక కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, నడక తూలడం ఏది వచ్చినా గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి పోవాలి.

2021 మే నెలలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని చూసినవాళ్లకు ఇమ్యూనిటీ అనే మాటకు ఎంత గిరాకీ ఉందో చెప్పనక్కర్లేదు. నీళ్లకు మాత్రం ఆ గిరాకీ రాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5. కాచితే తగ్గదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటికా సున్నం వేసి తేర్చే పద్ధతి ఉంది, మోతాదు తప్పితే పనిచేయదు. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను తీస్తుంది, పొర పాతబడితే వదిలేస్తుంది. ఇరవై లీటర్ల క్యాన్ అమ్మేవాడిని ఆ పొర చివరిసారి ఎప్పుడు మార్చావని అడిగేవాళ్లు ఊరికి ఎందరు? కృష్ణా నీళ్లను ఈ మెట్టకు తేవాల్సిన వెలిగొండ సొరంగాల కథ దశాబ్దాల తరబడి నడుస్తోంది. ఆ నీళ్లు కనిగిరి కుళాయిల్లోకి ఏ నెలలో వస్తాయో తేదీతో సహా రాసివ్వమని అధికారులను ముందు అడగండి, పూసల సంగతి తర్వాత చూసుకోవచ్చు.