బిల్లీకి నివాళి ఏ గొంతుతో పాడాలి?

బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్, ఫ్రాంక్ సినాత్రా వంటి గత తరం గాయకుల పాటలను చిన్న క్యాబరే గదిలో, అంటే తింటూ తాగుతూ పాట వినే చోట, కొద్దిమంది శ్రోతల ముందు మళ్లీ పాడటం అమెరికన్ జాజ్‌లో స్థిరపడిన సంప్రదాయం. ఎందరో మళ్లీ మళ్లీ పాడటంతో 'స్టాండర్డ్స్' అనిపించుకున్న ఆ పాటల్లో చాలా భాగం బ్రాడ్‌వే నాటకాలకో, సినిమాలకో ఇతరులు రాసినవే అయినా, శ్రోత మనసులో నిలిచింది పాడినవారి గొంతే. నివాళి పాడేవారు అనుకరణ వైపు జారిపోయేది అందువల్లనే.

ముఖ్యంగా బిల్లీ విషయంలో ఇది పెద్ద పొరపాటు. చివరి ఏళ్లలో ఆమె గొంతులో చేరిన జీరను పట్టుకోవడం కష్టం కాదు. తాళం ముందుకు సాగిపోతుంటే మాటను ఒకింత వెనక నిలిపి, వరుసను కొద్ది స్వరాలకు కుదించి, సాదా ప్రేమపాటను సొంత అనుభవంగా వినిపించిన ఆ లయజ్ఞానం మాత్రం అనుకరణకు అందదు. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ గొంతులోని నిండుదనాన్ని, జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలోని భావాన్ని కోరుకున్నానని ఆమే చెప్పుకుంది. అయినా ఆమె పాట ఆ ఇద్దరిలో ఎవరి పాటలాగా వినిపించదు.

1980లలో పారిస్, లండన్ రంగస్థలాలపై 'లేడీ డే' (బిల్లీ ముద్దుపేరు) నాటకంలో బిల్లీ పాత్ర ధరించిన జాజ్ గాయని డీ డీ బ్రిడ్జ్‌వాటర్, 2010లో బిల్లీకి అంకితంగా ఆల్బమ్ చేసినప్పుడు ఆ పాత్రను పక్కనపెట్టి తన గొంతుతోనే పాడింది. శీర్షికలో 'ఎలియనోరా ఫేగన్' అన్న బిల్లీ అసలు పేరును ముందు నిలిపింది. మరుసటి ఏడాది దానికి గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది. నా దృష్టిలో గ్రామీ కన్నా ఆ పేరును ఎంచుకోవడమే గొప్ప.

క్యాబరే గదికి బిల్లీతో ఉన్న సంబంధం మరింత బాధాకరమైనది. మద్యం అమ్మే చోట పాడాలంటే న్యూయార్క్‌లో అప్పట్లో పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. 1947లో మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడటంతో ఆమెకు అది దక్కకుండా పోయింది. 1948 మార్చిలో, జైలు నుంచి వచ్చిన కొద్ది రోజులకే, న్యూయార్క్‌లోని పెద్ద కచేరీ మందిరం కార్నెగీ హాల్‌లో పాడగలిగిన గాయనికి అదే నగరంలోని చిన్న క్లబ్బుల తలుపులు మూసుకుపోయాయి. ఆమె 1959లో మరణించింది. కార్డు పద్ధతి 1967లో గాని పోలేదు. పాటకూ పాటకూ నడుమ శ్రోతలతో కబుర్లాడటం క్యాబరే ఆనవాయితీ. న్యూయార్క్‌లో ఆమె పాటలు పాడేవారు ఆ కబుర్లలో ఆమె వ్యసనం గురించి చెప్పదలిస్తే, ఈ కార్డు సంగతి కూడా తప్పక చెప్పాలి.