కొండారెడ్డి బురుజు గారికి ఒక కర్నూలు వాసి రాయునది

అయ్యా బురుజు గారూ,

మీరు క్షేమమని తలుస్తాను. మీ చుట్టూ కట్టిన ఫ్లెక్సీలు చూస్తే రాజకీయంగా కూడా బాగానే ఉన్నట్టున్నారు.

చుట్టాలొస్తే మీతో వచ్చే చిక్కు ఒకటి చెప్పుకోవాలి. "కర్నూల్లో చూడ్డానికి ఏముంది?" అంటారు. "బురుజుంది" అంటాం. ఆటో దిగి తలెత్తి చూసి, "'ఒక్కడు' సినిమాలో విలన్‌ని కొట్టింది ఇక్కడే కదా!" అంటారు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలపు కోట ఇది, 16వ శతాబ్దం అని నేను గొంతు సవరించుకునేలోపే మా మేనల్లుడు వాళ్ల బావ చెంప మీద చెయ్యి ఆనించి ఫొటోకి రెడీ. బావ మొహంలో నొప్పి సరిగ్గా రాలేదని మళ్లీ తీస్తారు. ఈసారి చెయ్యి కాస్త గట్టిగానే పడుతుంది. తర్వాత బిర్యానీ. చరిత్ర అయిపోయింది.

మీ పేరు సంగతీ విచిత్రమే. కట్టించిన రాయల పేరు మీకు రాలేదు, ఏలిన నవాబుల పేరూ రాలేదు. 17వ శతాబ్దంలో అలంపురం పాలకుడు కొండారెడ్డిని కర్నూలు నవాబు మీలో బంధించాడని, ఆయన ఇక్కడే కన్నుమూశాడని చెప్తారు. జైలుకు ఖైదీ పేరు పెట్టుకున్న ఊరు మాది. అలంపురం ఇప్పుడు పొరుగు రాష్ట్రంలో ఉంది కాబట్టి, మీ పేరు కూడా నాన్ లోకలే. మీ కింద నుంచి తుంగభద్ర అడుగుగా గద్వాల దాకా సొరంగం ఉందని పెద్దలంటారు. నిజమే అయితే బయట చెప్పకండి. అంతర్రాష్ట్ర సరిహద్దు కదా, టోల్‌గేట్ పెట్టేస్తారు.

హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మజ్, అంటే ఆయన సమాధి, ఉంది. 1618 నాటిది, రెండు గుమ్మటాలు, కమానుల వరండాలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ కమాను నీడలో నిలబడితే కదలబుద్ధి కాదు. కానీ అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు, అందుకని చుట్టాలు రారు. జగన్నాథగట్టు మీద రూపాల సంగమేశ్వరాలయం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోయే చోటు నుంచి రాళ్లు ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టిన గుడి. దేవుడికి కూడా పునరావాసం దొరికిందని సంతోషించాలో, ముంపు ఊళ్ల జనాన్ని తలుచుకోవాలో తెలియక నేనైతే గట్టు దిగి వచ్చేస్తాను.

అసలు బాధ రాజధాని గురించి. 1937లో మద్రాసులోని శ్రీబాగ్ అనే ఇంట్లో కోస్తా, సీమ పెద్దమనుషులు కూర్చుని, ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధానో హైకోర్టో రాయలసీమ కోరుకున్నది ఇస్తామని ఒప్పుకున్నారు. 1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలు పెట్టెబేడా, ఫైళ్లతో సహా గుడారాల్లో దిగారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది. ఆ మూడేళ్లను చూపించమంటే చుట్టాలకు నేనేం చూపించాలి? ఒక్క గుడారమన్నా, దాని గుంజన్నా ఏ మ్యూజియంలోనైనా అద్దాల వెనక పెట్టి ఉంటే వేలు పెట్టి చూపించేవాణ్ణి.

2020లో రాష్ట్రానికి మూడు రాజధానులని, అందులో కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. చట్టం కూడా చేశారు. 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఈసారి గుడారాలు కూడా వేయలేదు.

మీరు మాత్రం అన్నిటికీ సాక్షిగా నిలబడి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటారు. రాయి కాబట్టి చెల్లింది.

ఇంకో మాట. వచ్చే ఆదివారం మా వియ్యాలవారు వస్తున్నారు. విజయవాడ వాళ్లు, రాజధాని మాట ఎత్తకుండా ఉండరు. ఆ పూటకు మీరే కాస్త పెద్దరికం వహించాలి. వీలైతే ఫ్లెక్సీలు పక్కకు జరిపించుకోండి, కనీసం మొహమన్నా కనబడుతుంది.

ఇట్లు,
పాతబస్తీ వాసి