10.8 వచ్చిందని కొట్టేశారు

మా అమ్మాయి ఇంటర్ ఫిజిక్స్ రికార్డు ఇప్పుడే చూశాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. సామాన్య లోలకం ప్రయోగం. జీ విలువ, అంటే భూమి గురుత్వ త్వరణం, 10.8 వచ్చింది, వచ్చింది వచ్చినట్టే రాసింది. దాని మీద అడ్డంగా లెక్చరర్ గారి ఎర్ర గీత, పక్కన "9.8 రావాలి, రీడింగ్స్ సరిచేసి మళ్లీ రాయి" అని. మళ్లీ చెయ్యమని కాదు బాబూ, మళ్లీ రాయమని! రేపు సబ్మిట్ చెయ్యాలట. కాలిక్యులేటర్ ముందేసుకుని 9.8 నుంచి వెనక్కి లెక్క కడుతూ, ఏ పొడవుకి ఎన్ని సెకన్లు వేస్తే బాగుంటుందో చూసుకుంటోంది. పైగా "అన్నీ కరెక్ట్‌గా ఉంటే ఎక్స్‌టర్నల్‌కి డౌటొస్తుంది నాన్నా, ఒకటి రెండు కొంచెం తేడాగా వెయ్యాలి" అని నాకే పాఠం చెప్పింది. పదహారేళ్లకే ఎంత ఆరితేరిపోయిందో చూడండి.

ఇంతకీ 10.8 ఎందుకొచ్చింది? ఆ ఒక్క ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. గుండు వదిలి ఎలా లెక్కపెట్టావే అని అడిగాను. వదలగానే "ఒకటి" అందట. అంటే "ఇరవై" అనేసరికి అయినవి 19 డోలనాలే (అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటికొస్తే ఒక డోలనం). 19 డోలనాల టైమ్‌ని 20తో భాగించింది, ఆవర్తన కాలం, అంటే ఒక్క డోలనానికి పట్టే టైమ్, తగ్గింది, సూత్రంలో దాని వర్గంతో భాగిస్తాం కాబట్టి జీ దాదాపు పదకొండు శాతం పెరిగింది. 9.78 కాస్తా 10.8 దాటింది. అంటే పిల్ల పొడవు సరిగ్గానే కొలిచింది, వాచీ సరిగ్గానే నొక్కింది, లెక్క సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలుపెట్టింది, అంతే. ఇది కనిపెట్టడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్లకి జన్మలో మర్చిపోలేని ఫిజిక్స్ వచ్చేది. ఎర్ర గీతకి రెండు సెకన్లు చాలు కదా, అదే గీశారు.

అన్నట్టు 9.78 అన్నానని కంగారు పడకండి. మన హైదరాబాద్‌లో జీ అంతే, 9.78 చిల్లర. భూమధ్యరేఖకి దగ్గరగా వస్తే తగ్గుతుందని వీళ్లే పాఠం చెప్తారు, వీళ్లే బిట్లు పెడతారు. కానీ రికార్డులు తిరగేయండి, సగం మందికి 9.81! అది లండన్ విలువ. కూకట్‌పల్లిలో గుండు ఊపితే లండన్‌లో ఊగుతోంది, ఎర్ర గీత మాత్రం దానికి పడదు.

అసలు సైంటిస్టులు ఏం చేస్తారో వీళ్లకెవరైనా చెప్పారా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ప్రతి స్కూలు గోడ మీదా ఉంటుంది. ఆయన హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, 1925లో. ద్రావణంలో నీలం రంగు వస్తుంది, ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఉన్నట్టు. కండరం నుంచి తీసిన ద్రవంతో చేస్తే మాత్రం ఆ రంగు రావలసినంత వేగంగా రాలేదు, నిదానంగా పెరుగుతూ పోయింది. మన ల్యాబ్‌లో అయితే ఏమనేవాళ్లు? "పక్కవాడి రీడింగ్ చూసి వేసెయ్." ఆయన వెయ్యలేదు. ఎందుకు ఆలస్యమవుతోందని దాని వెంటే పడ్డారు. కండరంలో తొందరగా విడిపోయే పదార్థం ఒకటుందని, అది విడిపోతూ ఫాస్ఫేట్‌ని కొద్దికొద్దిగా వదులుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. మన కండరాలు ఠక్కున శక్తి తెచ్చుకునేది దాన్నుంచే. ఆ మనిషి మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు, ఇప్పుడైతే ర్యాంకు లేదని వెనక బెంచీ సెక్షన్‌లో పడేసేవాళ్లం. ఫొటోకి దండ మాత్రం బ్రహ్మాండంగా వేస్తాం.

ఫిబ్రవరి 28 వస్తే సైన్స్ డే, రామన్ గారికి స్పీచ్‌లు, వంటసోడాతో అగ్నిపర్వతం. రామన్ దగ్గర పనిచేసిన రామనాథన్‌కి 1923లోనే, ద్రవాల గుండా కాంతి పంపితే రంగు మారిన బలహీనమైన కొత్త కాంతి ఒకటి కనిపించింది. మలినం వల్లేమో అనుకుని ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు, అయినా పోలేదు. పోని దాన్ని రికార్డులోంచి కొట్టెయ్యలేదు కాబట్టే 1928లో రామన్ ఎఫెక్ట్ వచ్చింది.

"ఒక్కో బ్యాచ్‌కి అరవై మంది, జీతం నెలాఖరుకి అందదు, సిలబస్ అవ్వాలి, నువ్వొచ్చి చెప్పు" అని కింద రాయబోతున్న మాస్టార్లూ, ఆగండి. జీతం సంగతి మీ మేనేజ్‌మెంట్‌ని అడగండి, నేనూ మీ వెనకే వస్తాను. ఫీజు కట్టింది నేనే కదా. కానీ "ఎందుకొచ్చింది?" అని అడగడానికి ఏ జీవో కావాలి?

2011లో ఇటలీలో ఒపెరా అనే ప్రయోగం వాళ్లకి న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందొచ్చినట్టు లెక్క తేలింది. కాంతిని మించిన వేగం లేదన్న ఐన్‌స్టీన్ తప్పని చెప్పినంత పని. వాళ్లు దాచలేదు, దిద్దలేదు. మాకు ఇలా వచ్చింది, తప్పెక్కడో మీరూ వెతకండని ప్రపంచం ముందు పెట్టారు. చివరికి ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదని దొరికింది. పరువు పోయిందా? పోయింది కొంచెం. కానీ అదే కదా పని! మన దగ్గర ఆ కేబుల్ ఇప్పటికీ వదులుగానే ఉండేది, రికార్డు మాత్రం నీట్‌గా, మార్జిన్ కొట్టి, అట్ట వేసి, ముప్పైకి ముప్పై.

ఈ ముప్పైకి ముప్పై బ్యాచ్ ఎక్కడ తేలుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆఫీసులో ఇంటర్వ్యూలు చేసేది నేనే. ఇంటర్‌లో రీడింగ్స్ వెనక నుంచి వేసినవాడు బీటెక్‌లో అమీర్‌పేట్ వెళ్లి ప్రాజెక్ట్ కొనుక్కుంటాడు, డాక్యుమెంటేషన్ ఫ్రీ. ఆ తర్వాత మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కూడా కొనుక్కుంటాడు, పేస్లిప్‌లతో సహా. మొన్న ఒకతన్ని "నీ ప్రాజెక్ట్‌లో ఎప్పుడైనా ఏదైనా చెడిపోయిందా, ఎలా పట్టుకున్నావ్" అని అడిగాను. "ఏమీ చెడిపోలేదు సార్, అంతా స్మూత్" అన్నాడు. నిజంగా పనిచేసినవాడు ఆ ఒక్క ప్రశ్నకి అరగంట మాట్లాడతాడు, వద్దన్నా ఆగడు! నేనిది పైవాళ్లకి చెప్తే "కమ్యూనికేషన్ బాగుంది కదా" అని తీసుకున్నారు. ఇప్పుడు అతని కోడ్‌లో తప్పులు నేను దిద్దుతున్నాను, అప్రైజల్ అతనికొచ్చింది. సోమవారానికి హెచ్ఆర్ ఇంకో కట్ట రెజ్యూమెలు పంపింది. అందరిదీ అదే క్లయింట్, అదే ప్రాజెక్ట్, స్పెల్లింగ్ తప్పు కూడా అందరిదీ ఒకే లైన్‌లో.