‘మీ తెలుగు ఎంత బాగుందండీ’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘మీ తెలుగు ఎంత బాగుందండీ’ గారి సముఖానికి,

విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో ఉద్యోగ విరమణ చేసి, అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న ఒక తెలుగు మాస్టారు రాసుకునే విన్నపం. ఉభయ కుశలోపరి. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. ఆర్టీసీ కాంప్లెక్సులో కానీ, కైలాసగిరి మీద కానీ, పెళ్లిపందిట్లో కానీ, పరాయి ప్రాంతం మనిషి నోరు తెరిచి రెండు తెలుగు ముక్కలు పలికితే చాలు, అక్కడ తమరు ప్రత్యక్షం. ఆ ముక్కల్లో ఒకటి తప్పయినా తమరి ఉత్సాహం తగ్గదు. రెండూ తప్పయితే ఇంకా పెరుగుతుంది.

తమరి మీద నాకు పాత పగ ఏమీ లేదు. కానీ ఈమధ్య నా పనికే ఎసరు పెట్టారు కాబట్టి రాయక తప్పడం లేదు.

మా ఊళ్లో ఒక మిషన్ వారి చిన్న ఆసుపత్రి ఉంది. దానికి నర్సుగా కేరళ నుంచి ఒక సిస్టర్ వచ్చారు. రబ్బరు తోటల మధ్య, ఏడాదిలో సగం రోజులు వానలో పెరిగిన మనిషి. ఇక్కడేమో తాటిచెట్లు, జీడితోటలు, చోడిచేలు, నడినెత్తిన ఎండ. వచ్చిన వేసవిలోనే గోస్తని ఒడ్డుకు తీసుకెళ్లి “ఇదే మా నది” అని చూపిస్తే, ఇసుక వైపు చాలాసేపు చూసి, మర్యాదగా తల ఊపారు. మా కూరల కారానికి అలవాటు పడ్డారు. తెల్లవారుజాము గుడి మైకుకూ, ఆదివారం చర్చి మైకుకూ కూడా అలవాటు పడ్డారు. (మైకుల విషయంలో మా ఊళ్లో మతసామరస్యం సంపూర్ణం.) భాష ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. అందుకని ఆసుపత్రి పెద్ద మదర్ గారు నన్ను పిలిపించి, మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం పూట పాఠం చెప్పమన్నారు.

నర్సుకు తెలుగు చెప్పడమంటే బడిపిల్లలకు చెప్పినట్టు కాదండీ. పద్యాలు, ఛందస్సు అక్కడ పనికిరావు. మా ఊరి మనిషి ‘నొప్పి’ అని ఊరుకోడు కదా. తల పోటు అంటాడు, వేలు సలుపుతోందంటాడు, కాళ్లు పీకుతున్నాయంటాడు, నడుం పట్టేసిందంటాడు, గుండెలో పొడిచినట్టుందంటాడు, ఒంట్లో ఏదోలా ఉందని చెప్పి ఊరుకుంటాడు. వీటిలో దేనికి మాత్ర ఇవ్వాలో, దేనికి పట్నంలో పెద్దాసుపత్రికి పంపాలో తేల్చాల్సింది ఆ సిస్టరే. కాబట్టి మా పాఠం నొప్పుల దగ్గర మొదలై, రోజులు, పూటలు, చుట్టరికాల మీదుగా సాగుతూ ఉండేది. చురుకైన మనిషి. నోటుపుస్తకంలో మలయాళ లిపిలో రాసుకుని, మర్నాడు రోగుల మీద ప్రయోగించేవారు.

సరిగ్గా అప్పుడు తమరు వేంచేశారు.

మొదట కిరాణా కొట్లో. ఉప్పు, పప్పు, సబ్బు అడిగినందుకే “సిస్టర్ గారూ, మీ తెలుగు ఎంత బాగుందండీ!” తర్వాత పంచాయతీ ఆఫీసులో. ఆ తర్వాత బస్సులో, కండక్టరు నోట. నెల తిరక్కుండానే ఊరంతా కలిసి ఆవిడను మునగచెట్టు ఎక్కించి కూర్చోబెట్టింది. ఒక శుక్రవారం నేను ఒక క్రియాపదం దిద్దితే ఆవిడ పుస్తకం మూసి, నవ్వుతూనే, “మాస్టారూ, ఊరంతా బాగుందంటోంది. తప్పులు మీ ఒక్కరికే వినిపిస్తాయా?” అన్నారు. ఆ తర్వాతి మంగళవారం పనుందని కబురు. శుక్రవారం ప్రార్థన ఉందని కబురు. ముప్పై ఏళ్లకు పైగా ఎర్రసిరా పెన్ను పట్టుకున్నవాడిని. తమరి ముందు నాకు పోటీ ఏమిటి చెప్పండి. తమరు ఉచితం. పైగా తియ్యగా ఉంటారు.

ఇక కళ్ల డాక్టరు గారి కథ. పట్నం నుంచి కంటి వైద్యుడు వస్తున్నారని, రెండు రోజుల ముందు సిస్టర్ ఇంటింటికీ తిరిగి స్వయంగా చెప్పారు. “మొన్న ఉదయం తొమ్మిది గంటలకు కళ్ల డాక్టరు వస్తారు. ముసలివాళ్లను తప్పకుండా తీసుకురండి.” ఎల్లుండికి మొన్న పడింది. అంతే కదా, పసిపిల్లలు రోజూ చేసే పొరపాటు. “మొన్ననా, ఎల్లుండా సిస్టర్?” అని ఒక్కరు అడిగితే అక్కడికక్కడ తీరిపోయేది. ఒక్కరూ అడగలేదు. ప్రతి గడప దగ్గరా తమరే ఉన్నారు. “అలాగేనండీ. మీ తెలుగు ఎంత బాగుందండీ!” ఆవిడ వెళ్లాక మాత్రం ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకున్నారు. డాక్టరు వచ్చి వెళ్లిపోయాడని కొందరు. వచ్చే నెలలోనేమోనని కొందరు. సిస్టర్ గారు ఎలాగూ మళ్లీ చెబుతారులే అని మిగిలినవాళ్లు.

ఆ ఉదయం నేను అటు వెళ్లి చూశాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. గోడకు అక్షరాల చార్టు తగిలించి, దాని ఎదురుగా నేల మీద సుద్దముక్కతో గీత గీశారు, రోగి ఎక్కడ నిలబడాలో తెలియడానికి. బల్ల మీద చుక్కల మందు, దూది, పేర్లు రాసుకునే కొత్త పుస్తకం. డాక్టరు గారు పదకొండు దాకా సెల్‌ఫోను చూసుకున్నారు, ఆ తర్వాత గడియారం చూసుకున్నారు. వచ్చినవాడు ఒక్కడే, మేకకు కాలు విరిగిందని. సిస్టర్ ముఖం చూడలేక నేను చార్టు చదువుతూ నిలబడ్డాను. కింది వరస నాకూ కనబడలేదనుకోండి, అది వేరే సంగతి.

సాయంత్రం కిరాణా కొట్టు ఆసామిని నిలదీశాను. “మొన్న అన్నప్పుడు తప్పని తెలియలేదా?” “ఎందుకు తెలియదు మాస్టారూ? పాపం అంత ప్రేమగా చెబుతుంటే తప్పని ఎలా అంటాం? బాగుండదు కదా.” బాగుండదట! ఆయన తల్లికి కంట్లో శుక్లం. అది మాత్రం బాగుందా?

ఇక్కడే తమరి లోగుట్టు నాకు అర్థమైంది. పైకి ఆదరంలా కనిపిస్తారు కానీ, తమరు చేసే పని మనిషిని గుమ్మం దగ్గరే ఆపడం. ఇంటికోడలు తప్పు మాట్లాడితే అత్తగారు ఊరుకుంటుందా? ఎదురింటి పిల్లవాడు తప్పు పలికితే మనం ఊరుకుంటామా? దిద్దుతాం, నవ్వుతాం, ఏడిపిస్తాం. వాళ్లు మనవాళ్లు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మీ తెలుగు ఎంత బాగుందండీ అని పంపించేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్లనే.

తమరు ఇంత బలిసింది ఎప్పటి నుంచో నాకు తెలియదు కానీ, తమరి అండ లేకుండానే ఈ ప్రాంతంలో పనులు జరిగిన రోజులున్నాయి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. అప్పటికి వాళ్లు ఇంగ్లీషులో చదువుకోవడానికి అచ్చయిన తెలుగు వ్యాకరణమే లేదు. కేరీ వ్యాకరణం వచ్చింది 1814లో, క్యాంబెల్‌ది 1816లో. బ్రౌను దొర నిఘంటువు రావడానికి 1852 దాకా ఆగాలి. వాళ్లకు దొరికింది పుస్తకం కాదు, ఆనందరాయర్ అనే మనిషి. క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు. ఆయన తోడ్పాటుతో సువార్తలు తెలుగులోకి వచ్చాయి. పక్కన కూర్చుని ఆయన “ఎంత బాగుందండీ” అంటూ పోయి ఉంటే ఆ పని ఎలా ఉండేదో ఊహించుకోండి. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. పాపం, పుస్తకం చేతబట్టుకుని తమరిని కలుసుకునే యోగం ఇద్దరికీ లేకపోయింది. తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయితే, జాన్ హే వంటివారు మళ్లీ విశాఖలో కూర్చుని పాత అనువాదాన్ని దిద్దారు. వాళ్ల మతంతో నాకు పని లేదు. ఎర్రసిరాతో ఉంది.

మా వాళ్లలోనూ అలాంటి మనిషి లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. తెలుగుతో ఏ చుట్టరికమూ లేని సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో. అంటే డెబ్బయ్యో పడి దాటాక కూడా ఆయన నేర్చుకుంటూనే ఉన్నారు. తమరు దారిలో ఎదురై ఉంటే ఆయన తమరి వ్యాకరణమే దిద్ది పంపేవారు.

ఇంకో మాట. తమరికి కళ్లు లేవని జనం అనుకుంటారు. నేను ఒప్పుకోను. తమరికి చూపు బాగానే ఉంది, ముందు ఒంటి రంగు చూస్తారు, తర్వాత బట్టలు చూస్తారు. తెల్లదొర బీచి రోడ్డులో ‘నమస్కారం’ అంటే చాలు, చప్పట్లు, ఫొటోలు. మలయాళీ సిస్టర్‌కు ఒక వాక్యం దాకా ఆగుతారు. మరి బరంపురం నుంచి వచ్చి మధురవాడలో అపార్టుమెంట్లు కడుతున్న ఒడియా మేస్త్రీ? ఇసుక, ఇనుము, కూలి లెక్కలన్నీ తెలుగులోనే తేల్చేస్తాడు. అతని పక్కన తమరు ఎప్పుడైనా నిలబడ్డారా? పాడేరు కొండల మీద ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడుకునే పిల్ల, ఒకటో తరగతిలో తెలుగు వాచకం తెరిచి, పదో తరగతి తెలుగు పరీక్ష పాసై, కాలేజీలో చేరడానికి విశాఖ వస్తుంది. పరభాష అంత నేర్చుకున్నందుకు ఆ పిల్లకు దక్కేది ‘ఆ మాట తీరు ఏమిటి’ అనే వెక్కిరింత. అంతెందుకు, మా పద్మనాభం రైతు తాతల నాటి నుంచీ తెలుగే మాట్లాడుతున్నాడు. పట్నంలో బట్టల కొట్లోకి వెళ్లి నోరు తెరిస్తే కౌంటరు వెనక కుర్రాళ్లు ముఖాలు చూసుకుంటారు. సినిమాల్లో మా యాస వినబడిందంటే, హాస్యగాడో పనివాడో వస్తున్నాడని అర్థం. అక్కడ తమరి జాడే ఉండదు.

ఇప్పుడు మా సిస్టర్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడను తమరి చెర నుంచి విడిపించింది నేను కాదు. మోకాళ్ల నొప్పులతో వచ్చే ఒక మామ్మ. ఆ మామ్మకు తమరితో పరిచయం లేదు. ఉన్నా ఖాతరు చేసే మనిషి కాదు. సిస్టర్ ఏదో అడిగితే, “అలా కాదమ్మా, ముందు నా మాట విను” అని, ఆవిడ చెయ్యి పట్టుకుని తన మోకాలి చిప్ప కింద సరిగ్గా నొప్పి ఉన్నచోట అదిమిపెట్టి, “పీకుతోంది అను” అంది. సిస్టర్ అన్నారు. “అలా కాదు, ఇంకోసారి.” మళ్లీ అన్నారు. వరండాలో కూర్చున్న పిల్లలు కిసుక్కుమన్నారు. మామ్మ వాళ్లను కసిరి, సరిగ్గా పలికేదాకా చెయ్యి వదలలేదు. ఆ తర్వాత పనిలో పనిగా కళ్ల డాక్టరు వచ్చిన రోజు సంగతి కూడా ఎత్తి, “మొన్న అంటే అయిపోయిన రోజమ్మా” అని అందరి ముందూ చెప్పేసింది. సిస్టర్ ఎర్రబడ్డారు. తర్వాత పకపకా నవ్వారు. ఆ శుక్రవారం నోటుపుస్తకంతో మా అరుగెక్కారు.

కాబట్టి తమరికి మనవి చేసుకునేదేమంటే, కళ్ల డాక్టరు మళ్లీ వస్తున్నారు. ఈసారి తేదీ, వారం పంచాయతీ బోర్డు మీద సిస్టరే సొంత దస్తూరీతో రాశారు. ఒక దీర్ఘం తప్పింది, నేను చెప్పాను, దిద్దుకున్నారు. ఊళ్లో ఎవరైనా దాన్ని చదివి “ఎంత బాగుందండీ” అనబోతే దయచేసి వాళ్ల నోట్లోకి రాకండి. అంతగా పొద్దుపోకపోతే మధురవాడ వెళ్లండి. లేదా కాలేజీల్లో కొత్త పిల్లలు చేరే రోజుల్లో, పాడేరు బస్సు దిగే చోట కాసేపు నిలబడండి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం మాత్రం మా అరుగు వైపు రాకండి. పాఠం జరుగుతూ ఉంటుంది.

ఇట్లు,
తమరి వల్ల రెండు వారాల జీతం పోగొట్టుకున్న
తెలుగు మాస్టారు