యూనియన్లు లేకపోతే బస్సు బాగా నడుస్తుందా?

ఆర్టీసీ బస్సు ఆలస్యమైనా, చెయ్యెత్తితే ఆపకపోయినా, చిల్లర దగ్గర కండక్టర్ విసుక్కున్నా వినిపించే మాట ఒకటే: "యూనియన్లున్నాయిగా, వాళ్లనెవరేం చేస్తారు?" ఆ కోపంలో కొంత నిజముంది. డ్యూటీ ఎగ్గొట్టేవాళ్లనూ, ప్రయాణికుల మీద నోరు పారేసుకునేవాళ్లనూ మనవాళ్లని వెనకేసుకొచ్చిన నాయకులున్నారు. కోరిన డిపోకు బదిలీలు, డ్యూటీ మినహాయింపులు ఇప్పించడమే సంఘం పని అయిపోతే, ఒళ్లు వంచి పనిచేసేవాడికే ముందు మనసు విరుగుతుంది.

అయితే ప్రయాణికుడికి అందే సేవ చాలావరకు డ్యూటీ చార్టు రాసేటప్పుడే తేలిపోతుంది. రన్నింగ్ టైమ్, అంటే ట్రిప్పు పూర్తి చేయడానికి ఇచ్చే సమయం చాలకపోతే డ్రైవర్ స్టాపు వదిలేస్తాడు, లేదా స్పీడు పెంచుతాడు. సిబ్బంది చాలకపోతే డబుల్ డ్యూటీలు. నిద్రలేని మనిషి నుంచి మర్యాద సంగతి అటుంచి, భద్రత కూడా ఆశించలేం. డీజిల్ ఎంత మిగిల్చావు, కలెక్షన్ ఎంత తెచ్చావు అని రోజూ లెక్క అడిగే డిపో అధికారికి "ఈ బండి ఈ రూటుకు పనికిరాదు" అని ఒక్క డ్రైవర్ ఏం చెప్పగలడు? ఆ మాట గట్టిగా అనడానికే సంఘం కావాలి.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వంద మందికి పైగా ఉన్నారు. అప్పుడు యూనియన్లున్నాయి. అంత లోడుతో ఘాట్ దిగేది లేదని జీతాల మీద పట్టుబట్టినంత గట్టిగా అవి పట్టుబట్టి ఉండాల్సింది. యూనియన్ల మీద నా అసలు ఫిర్యాదు ఇదే.

తెలంగాణ సర్కారు మాత్రం వేరే పాఠం తీసుకుంది. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులు సాగింది. దాదాపు 48 వేల మంది విధులకు దూరంగా ఉన్నారు. ప్రభుత్వంలో విలీనంతో పాటు ఖాళీల భర్తీ, కొత్త బస్సుల కొనుగోలు కూడా వాళ్ల డిమాండ్లలో ఉన్నాయి. ఈ చివరి రెండూ ప్రయాణికుడి డిమాండ్లు కూడా. సమ్మె ముగిశాక డిసెంబర్ 1న ప్రగతి భవన్‌లో కార్మికులతో సమావేశమైన ముఖ్యమంత్రి కేసీఆర్, రెండేళ్ల పాటు యూనియన్లు ఉండవనీ, ప్రతి డిపో నుంచి ఇద్దరితో సంక్షేమ మండలి వేస్తామనీ చెప్పారు. మహిళా సిబ్బందికి రాత్రి 8 తర్వాత డ్యూటీ ఉండదని మాటిచ్చింది కూడా అక్కడే. మంచి నిర్ణయమే. కానీ పై నుంచి దయతో వచ్చింది పై నుంచే పోగలదు. ఓటేసి ఎన్నుకోని ప్రతినిధి అధికారి ముఖం మీద కాదని చెప్పడం కష్టం.

2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ ఎంత పెరిగిందో రోజూ ఎక్కేవాళ్లకు తెలుసు. సీటు లేదన్న కోపమంతా కండక్టర్ మీదే పడుతోంది. ఏ రూటులో ఏ టైముకు ఇంకో బస్సు కావాలో అందరికంటే ముందు తెలిసేది కూడా ఆ కండక్టర్‌కే. యాజమాన్యంతో కార్మికుల తరఫున మాట్లాడే గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకోనివ్వాలి. డిపో స్థాయి చర్చల్లో జీతభత్యాలతో పాటు లోడు, రన్నింగ్ టైమ్, బండి కండిషన్ కూడా ఉండాలి. ప్రయాణికుడిపై దురుసుగా ప్రవర్తించినట్టు విచారణలో తేలితే ఆ ఉద్యోగి తరఫున పైరవీ చేయబోమని సంఘాలు ముందే రాసివ్వాలి.