330 డిగ్రీలు: ‘లేడీ బి గుడ్’ దారి ఎక్కడ తప్పింది?

అమెరికా 18 వేలకు పైగా బి-24 లిబరేటర్ బాంబర్లు తయారుచేసింది. వాటిలో ‘లేడీ బి గుడ్’ యుద్ధ సర్వీసు అంతా కలిపి ఒక్క రాత్రి. 1943 ఏప్రిల్ 4న తొలి దాడికి వెళ్లింది, తిరిగి రాలేదు. అందులోని తొమ్మిది మంది సిబ్బందికి కూడా అదే తొలి దాడి. అందుకే ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ‘కుర్రాళ్లు, అనుభవం లేదు, దారి తప్పారు’ అని తేల్చేస్తారు. నాకు ఆ తీర్పు అన్యాయంగా కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం లిబియాలోని సొలూక్ నుంచి ఇటలీలోని నేపుల్స్ మీదకు ఇరవైకి పైగా లిబరేటర్లు బయల్దేరాయి. బేస్‌లో ఇసుక తుఫాను. కొన్నింటి ఇంజిన్లలో ఇసుక చేరి సగం దారిలోనే వెనుదిరిగాయి. ఆలస్యంగా లేచిన, పైలట్ హ్యాటన్ నడిపిన ‘లేడీ బి గుడ్’ నేపుల్స్ దాకా వెళ్లినా, అప్పటికే చీకటి పడింది. దాడి చేయకుండానే ఒంటరిగా తిరుగుముఖం పట్టింది.

అర్ధరాత్రి దాటాక హ్యాటన్ రేడియోలో లిబియాలోని బెనీనా కేంద్రాన్ని దారి అడిగాడు. విమానం తమకు 330 డిగ్రీల దిక్కున ఉందని వాళ్లు చెప్పారు, అంటే వాయవ్యం, సముద్రం వైపు. అసలు తిరకాసు ఇక్కడే ఉందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆనాటి లూప్ యాంటెన్నా సిగ్నల్ ఏ గీత మీద నుంచి వస్తోందో చెబుతుంది, ఆ గీతలో ఏ కొస నుంచో చెప్పదు. ఫోన్‌లో ‘హైవే మీదే ఉన్నాన్రా’ అంటే మనవాడు మలుపు ఇంకా దాటలేదో, దాటేసి పది కిలోమీటర్లు పోయాడో మనకు తెలియదు కదా, అలాగే. విమానం ఎప్పుడో తీరం దాటి, బేస్‌నూ దాటి ఆగ్నేయంగా ఎడారిలోకి పోతోంది. యాంటెన్నా మాత్రం అదే గీత చూపించింది. వచ్చేది సముద్రం మీంచే కాబట్టి కింద ఉన్నవాళ్లూ, పైన ఉన్నవాళ్లూ ఒకే కొసను నమ్మారు.

చీకట్లో పైనుంచి చూస్తే ఇసుకకీ నీళ్లకీ తేడా ఏం తెలుస్తుంది? రాత్రి 2 గంటల ప్రాంతంలో, ఇంధనం అయిపోవస్తుంటే, అందరూ పారాచూట్లతో దూకేశారు. ఖాళీ విమానం మరో 26 కిలోమీటర్లు తనంతట తానే ఎగిరి, ఇసుక మీద బొడ్డు ఆనించి దిగి, రెక్కల వెనక రెండు ముక్కలైంది. గట్టి పిండమే. మన వైమానిక దళం కూడా బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో వదిలేసిపోయిన లిబరేటర్లను బాగు చేయించుకుని 1968 దాకా నడిపింది.

బాంబులు వదిలే బాధ్యత ఉన్న బాంబార్డియర్ వొరావ్కా పారాచూట్ సరిగా తెరుచుకోలేదు. మిగతా ఎనిమిది మందీ కలుసుకుని ఉత్తరంగా నడక మొదలెట్టారు. ఉన్నది సగం సీసా నీళ్లు. కో-పైలట్ టోనర్ డైరీ ప్రకారం మనిషికి రోజుకు ఒక మూతెడు. పారాచూట్ గుడ్డ ముక్కలను బాణాల్లా పరిచి, వాటి మీద రాళ్లు పెట్టి, వెతికేవాళ్ల కోసం గుర్తులు వదిలారు. వంద కిలోమీటర్లకు పైగా నడిచాక ఐదుగురు కూలబడ్డారు. ముగ్గురు ముందుకు సాగారు. డైరీ ఏప్రిల్ 12తో ఆగిపోయింది. ఆ చివరి పూట రాసింది సాయం రాలేదని, రాత్రి చలి ఎక్కువగా ఉందని.

‘వెనక్కి, విమానం వైపు వెళ్లి ఉంటే బతికేవాళ్లేమో’ అంటారు. నిజమే, అందులో కొంత తిండీ నీళ్లూ ఉన్నాయి, రేడియో కూడా పాడవలేదు. 1959లో అక్కడికి చేరినవాళ్లకు ఫ్లాస్కులో తాగడానికి పనికొచ్చే టీ కనిపించింది! కానీ అది ఎక్కడ పడిందో వాళ్లకు ఎలా తెలుస్తుంది? సముద్రం దగ్గర్లోనే ఉందనుకున్నవాడు సముద్రం వైపే నడుస్తాడు. అది 700 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే నాథుడు లేడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది గాలింపు. వెతకడానికి వెళ్లిన విమానాలూ మధ్యధరా సముద్రం మీదే తిరిగాయి. గీతకు రెండో కొస కూడా ఉందన్న సంగతి బేస్‌లో కూర్చుని, టెన్షన్ లేకుండా ఆలోచించగలిగినవాళ్లకు కూడా తట్టలేదు. సముద్రంలో పడిపోయిందని రాసుకుని ఫైలు మూసేశారు. చివరికి 1958లో ఆ శిథిలం కంటబడింది చమురు కోసం ఎడారిని సర్వే చేస్తున్న బ్రిటిష్ బృందానికి, అదీ గాల్లోంచి యాదృచ్ఛికంగా.

ఆ విమానం భాగాలు బిగించిన వేరే విమానాలు ప్రమాదాలకు గురయ్యాయని ‘శాపం’ కథలు పుట్టాయి. జనానికి అవే ఇష్టం. పదిహేనేళ్లు ఇసుకలో పడున్న పరికరాన్ని విప్పి మళ్లీ వాడితే ఏమవుతుందో చెప్పడానికి శాపం అక్కర్లేదు, మెకానిక్‌ని అడిగితే చాలు.

1960లో ఎనిమిది మృతదేహాలు దొరికాయి. మొదట ఐదుగురివి ఒకేచోట, తర్వాత ముందుకు నడిచిన ఇద్దరివి, చివరికి ఆగస్టులో వొరావ్కాది. ఆ ఇద్దరిలో షెల్లీ ఐదుగురినీ దాటి ఇంకో ముప్పై కిలోమీటర్లకు పైగా నడిచాడు. రెండోవాడు రిప్స్‌లింగర్ అతని కంటే కూడా ముందుకు వెళ్లాడు. మూడోవాడు, గన్నర్ వెర్నన్ మూర్ ఆచూకీ అధికారికంగా ఇప్పటికీ తేలలేదు.