స్నోమొబైల్ కంపెనీలను ముంచింది పేటెంట్లు కావు

గుల్మార్గ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫొటోల్లో ఒక బండి తప్పకుండా ఉంటుంది. ముందు రెండు స్కీలు, కింద ట్యాంకుకి ఉన్నట్టు వెడల్పాటి రబ్బరు పట్టా, పైన మోటార్‌సైకిల్ హ్యాండిల్. దాని పేరు స్నోమొబైల్. ఈ బండి చరిత్ర అంటూ ఒక సందేశం కొన్నాళ్ళుగా ఇంజినీరింగ్ మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: స్నోమొబైల్‌ని కెనడాకు చెందిన బొంబార్డియర్ ఒక్కడే కనిపెట్టాడు. పేటెంట్లతో చుట్టూ గోడ కట్టేశాడు. ఒకప్పుడు వందకు పైగా ఉన్న కంపెనీలు ఆ పేటెంటు కేసుల దెబ్బకే మూతపడి చివరికి నాలుగు మిగిలాయి. కోర్టుకెక్కితే ఎప్పుడూ పెద్ద కంపెనీదే గెలుపు. అందుకే ఆ బండిలో యాభై ఏళ్ళుగా కొత్తదనం లేదు. పేటెంటు అంటేనే కొత్త ఆలోచనకు ఉరితాడు.

నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాను. మెకానికల్ చదువుకుని, మెషిన్ డ్రాయింగులతోనే బతుకుతున్నవాణ్ణి. స్నోమొబైల్ కంపెనీ పొలారిస్ పుట్టిన రోజో అనే ఊరు, మరో స్నోమొబైల్ కంపెనీ ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్ అనే ఊరు రెండూ ఈ రాష్ట్రంలోనే, ఉత్తరాన కెనడా సరిహద్దు వైపు ఉన్నాయి. అయితే నేనిది రాయడానికి కారణం ఆ బండి మీద అభిమానం ఒక్కటే కాదు. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న మా అన్నయ్య కొడుకు తన ప్రాజెక్టులో ఒక మంచి క్లాంపు తయారు చేశాడు. పేటెంటుకి దరఖాస్తు పెట్టరా అంటే, "ఎందుకు బాబాయ్, అదంతా పెద్దోళ్ళ ఆట కదా" అని నాకే ఈ సందేశం పంపాడు. ఆ రోజు నుంచీ ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మొదటి మాట, బొంబార్డియర్ ఒక్కడే కనిపెట్టాడన్నది. జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ గొప్పవాడు, అందులో అనుమానం లేదు. క్యుబెక్‌లోని వాల్కూర్ ఆయన ఊరు. 1934 చలికాలంలో ఆయన పసికొడుకు ఇవోన్‌కి అపెండిక్స్ వాచి ప్రాణం మీదికి వచ్చింది. దారులన్నీ మంచు కప్పేయడంతో ఆసుపత్రికి తీసుకెళ్ళే వీలు లేక బిడ్డ చనిపోయాడు. ఆ తండ్రి 1937లో పళ్ళచక్రంతో తిరిగే పట్టాకు పేటెంటు తెచ్చుకున్నాడు. కానీ ఆ పట్టా మీద నడిచింది ఏడుగురు కూర్చునే మంచు బస్సు. మనం ఫొటో దిగే చిన్న బండి కాదు.

దానికి పదేళ్ళ ముందే, 1927లో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో సేనర్ అనే పల్లెటూరి మనిషి కార్ల్ ఎలియాసన్‌కి మోటారు టోబోగాన్ (మంచు మీద జారే బల్లబండి) మీద పేటెంటు వచ్చింది. ఆయనకి పాదం సరిగ్గా ఉండేది కాదు. స్నేహితులతో వేటకెళ్ళినప్పుడు మంచులో వాళ్ళతో సమానంగా నడవలేకపోయేవాడు. 1924లో ఒక బల్లకి పడవల ఇంజన్ బిగించి, సైకిల్ సామాన్లు, పాత ఫోర్డు కారు రేడియేటర్ ముక్క కలిపి, స్కీలను తాళ్ళతో తిప్పుకునేలా బండి కట్టాడు. ఇక 1956లో రోజోలో వ్యవసాయ పనిముట్లు చేసే చిన్న షెడ్డులో మూడో బండి తయారైంది. కూలీలకు జీతాలివ్వడానికి డబ్బు చాలక దాన్ని 465 డాలర్లకు అమ్మేశారు. పొలారిస్ స్నోమొబైళ్ళు మొదలైంది అలా. ముగ్గురు, మూడు చోట్ల, ముగ్గురికీ వేర్వేరు అవసరాలు. దీన్ని ఒక్కడి సొత్తు అనడం మిగతా ఇద్దరికీ అన్యాయం.

రెండోది, పేటెంట్ల గోడ. సందేశం రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నా సరిపోయేది. అప్పటి చట్టాల్లో పేటెంటుకి గడువు అమెరికాలో 17 ఏళ్ళు, కెనడాలోనూ దాదాపు అంతే. ఎలియాసన్ హక్కు 1944కల్లా తీరింది. బొంబార్డియర్ 1937 నాటి హక్కు 1950ల మధ్యకల్లా తీరింది. ఆయన కంపెనీ స్కీ-డూ అనే చిన్న బండిని బజారులోకి తెచ్చింది 1959లో. అంటే సరదా కోసం జనం ఈ బండ్లు కొనడం మొదలుపెట్టే నాటికే ఆ మూల పేటెంట్లు రెండూ అందరి ఆస్తి అయిపోయాయి. తర్వాత కంపెనీలు చిన్నా పెద్దా పేటెంట్లు తీసుకోలేదని కాదు, తీసుకున్నాయి. అయినా 1970ల మొదటికి వందకు పైగా కంపెనీలు ఈ బండి చేస్తున్నాయి. గోడే ఉంటే అంతమంది లోపలికి ఎలా వచ్చారు?

ఇంకో సంగతి. పొలారిస్ పెట్టినవాళ్ళలో ఒకడైన ఎడ్గర్ హెటీన్ 1960లో అలాస్కా మంచులో 1,200 మైళ్ళ ప్రయాణం చేసి తన బండ్ల సత్తా చూపించాడు. తిరిగొచ్చాక భాగస్వాములతో పొసగక బయటికొచ్చి, థీఫ్ రివర్ ఫాల్స్‌లో మరో కంపెనీ పెట్టాడు. అదే ఆర్కిటిక్ క్యాట్. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు, ఒకే చేతి నుంచి రెండు కంపెనీలు. నేటికీ ఈ రెండిటి మధ్య పోటీ చల్లారలేదు.

మరి ఆ వంద కంపెనీలు ఏమైనట్టు? 1971లో దాదాపు 4 లక్షల 95 వేల బండ్లు అమ్ముడుపోయాయి. ఆ ఊపు చూసి అందరూ అవసరానికి మించి తయారు చేసి గోదాములు నింపారు. వెంటనే 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. ఆ దశాబ్దం చివర్లో వడ్డీలు ఆకాశానికంటాయి. దాని మీద మంచు సరిగ్గా కురవని చలికాలాలు. వాన పడకపోతే ట్రాక్టర్ షోరూము ఎలా ఉంటుందో మన పల్లెలవాళ్ళకి చెప్పక్కర్లేదు. మంచు పడకపోతే ఈ డీలర్ పరిస్థితీ అంతే. 1980ల మొదట్లో అమ్మకాలు లక్ష లోపుకి పడిపోయాయి. ఆర్కిటిక్ క్యాట్ మాతృసంస్థ 1981లో దివాలా రక్షణ కోరింది. జాన్ డీర్, కవాసాకి లాంటి డబ్బున్న సంస్థలే ఈ వ్యాపారం వదులుకున్నాయి. కవాసాకికి పేటెంటు లాయర్లు దొరక్కనా?

బొంబార్డియర్ కంపెనీకి కూడా తొలి పెద్ద దెబ్బ పోటీదారు నుంచి తగల్లేదు. చలికాలంలో రోడ్ల మీద మంచు తీసేయాలని క్యుబెక్ ప్రభుత్వం 1948లో నిర్ణయించింది. రోడ్డు బాగుపడ్డాక మంచు బస్సు ఎవరిక్కావాలి? చిన్న బండి వైపు ఆయన దృష్టి మళ్ళడంలో ఆ దెబ్బ పాత్ర చాలా ఉంది.

ఇక మూడోది, కోర్టులో పెద్దవాడిదే గెలుపు అన్నది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మా వాడి మనసు విరిచింది ఈ మాటే.

కొలరాడోకి చెందిన ఇంజెక్షన్ రీసెర్చ్ స్పెషలిస్ట్స్ చాలా చిన్న సంస్థ. స్నోమొబైల్ ఇంజన్‌కి ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంధనం అందించే తమ పరిజ్ఞానాన్ని పొలారిస్ అన్యాయంగా వాడుకుందని దావా వేసింది. ఇది పేటెంటు కేసు కాదు, వ్యాపార రహస్యం కేసు. కానీ పెద్దా చిన్నా మాట వచ్చింది కాబట్టి చెప్పాల్సిందే. జ్యూరీ చిన్న సంస్థ వైపే తీర్పిచ్చింది. అప్పీలులోనూ అదే నిలబడింది. 1998లో పొలారిస్ తన లెక్కల్లో ఈ కేసు కింద 6 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకుంది.

ఇప్పుడు ఈ రంగంలో అందరికంటే పెద్దదైన బీఆర్‌పీ సంగతి. బొంబార్డియర్ కంపెనీ నుంచి పుట్టి, ఇప్పుడు స్కీ-డూ తయారు చేసే ఈ కంపెనీ 2011లో కెనడాలో ఆర్కిటిక్ క్యాట్ మీద కేసు వేసింది. నాలుగు పేటెంట్లు. వాటిలో మూడు, నడిపేవాడు బండి మీద ఎక్కడ ఎలా కూర్చోవాలన్న దాని గురించి. నాలుగోది ఫ్రేము గురించి.

ఇందులో తగవేమిటో రెండు బండ్లు ఎక్కి చూస్తే తెలుస్తుంది. ఒకసారి ఒక షెడ్డులో 1990ల నాటి బండి మీద, దాని పక్కనే ఉన్న కొత్త బండి మీద కూర్చుని చూశాను. పాతదాని మీద మన ఇంట్లో పడకకుర్చీలో కూర్చున్నట్టే ఉంది. నడుము వెనక్కి, కాళ్ళు ముందుకి చాచి. గుంట వస్తే ఆ కుదుపంతా వెన్నుకే. కొత్తదాని మీద మోకాళ్ళు కిందికి మడిచి, ఒళ్ళు ముందుకి జరిగి, గుంట కనపడగానే లేచి నిలబడడానికి సిద్ధంగా ఉంటాం. స్కీ-డూ రెవ్ అనే 2003 మోడల్ ఈ మార్పు తెచ్చింది. అలా కూర్చోవాలంటే హ్యాండిల్ ముందుకి, పైకి జరగాలి. ఆ ఎత్తులో హ్యాండిల్ ఊగకుండా ఉండాలంటే కింద నుంచి గట్టి ఆధారం కావాలి. అందుకోసం ఇంజన్ చుట్టూ గొట్టాలను పైకి తెచ్చి ఒక కొసన కలిపారు. పిరమిడ్ ఆకారం. నాలుగో పేటెంటు దాని మీదే.

తీర్పు 2017లో వచ్చింది. కూర్చునే తీరు మీద ఉన్న మూడు పేటెంట్లనూ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఎందుకో జాగ్రత్తగా గమనించండి. నడిపేవాడు ఎక్కడుండాలో ఆ కాగితాలు చెప్పాయి, అలాంటి బండిని ఎలా కట్టాలో సరిపడా చెప్పలేదు. పేటెంటు అంటే ఒప్పందం. నీ విద్య లోకానికి విడమరిచి చెప్పు, బదులుగా కొన్నేళ్ళు హక్కు నీదే ఉంచుకో. చెప్పాల్సింది చెప్పలేదు కాబట్టి హక్కూ లేదంది కోర్టు. అంత పెద్ద కంపెనీకి, తన సొంత దేశంలోనే! ఫ్రేము విషయంలో కూడా కింది కోర్టులో బీఆర్‌పీ ఓడిపోయింది. కానీ 2018లో అప్పీలు కోర్టు, ఇంజన్ కూర్చునే తొట్టెకి కింది కోర్టు చెప్పుకున్న అర్థం మరీ ఇరుకైనదని తేల్చి, ఆ ఒక్క పేటెంటును ఆర్కిటిక్ క్యాట్ ఉల్లంఘించిందని చెప్పింది. 2020లో పరిహారం ఖరారైంది: ఒక్కో బండికి 135 కెనడా డాలర్ల రాయల్టీ. వేల డాలర్ల బండి మీద 135. ఏ కంపెనీనైనా ముంచే మొత్తమా ఇది?

ఇదే జంట ఫ్లోరిడాలో ఎదురు బొదురుగా నిలబడింది. ఈసారి కేసు వేసింది ఆర్కిటిక్ క్యాట్. వస్తువు స్నోమొబైల్ కాదు, నీళ్ళ మీద నడిచే జెట్ బండి. దానికి చుక్కాని ఉండదు. వెనక నుంచి చిమ్మే నీటి ధారే దాన్ని తిప్పుతుంది. భయపడి యాక్సిలరేటర్ వదిలేశారంటే ధార ఆగిపోతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి నేరుగా పోయి గుద్దుకుంటుంది. ఆ క్షణంలో కాస్త ధార అందేలా చేసే పద్ధతి మీద ఆర్కిటిక్ క్యాట్‌కి పేటెంట్లున్నాయి. బీఆర్‌పీ వాటిని ఉల్లంఘించిందని జ్యూరీ తేల్చి, కోటీ 55 లక్షలకు పైగా డాలర్లు ఇవ్వమంది. తెలిసి చేసిన తప్పు కాబట్టి జడ్జి దాన్ని మూడింతలు చేశాడు, 4 కోట్ల 67 లక్షలు. అంతలో అడ్డం వచ్చింది ఒక చిన్న ముద్ర. 2002లో ఇవే పేటెంట్లను ఆర్కిటిక్ క్యాట్ హోండాకు లైసెన్సు ఇచ్చింది. హోండా తన బండ్ల మీద పేటెంటు నంబరు వేయాలన్న షరతు ఆ ఒప్పందంలో పెట్టుకోలేదు. నంబరు వేయకుండా వస్తువు అమ్మితే ముందు కాలానికి పరిహారం అడగడానికి లేదని అమెరికా చట్టం. 2017లో అప్పీలు కోర్టు ఆ పరిహారాన్ని పక్కన పెట్టింది. 2020లో తుది మాటగా, కేసు వేయక ముందు కాలానికి ఏమీ రాదని తేల్చింది.

మూడు కేసులు, మూడు రకాల ఫలితాలు. గెలుపోటములు కంపెనీ సైజును బట్టి రాలేదు. కాగితం మీద ఏం రాశారు, ఏం రాయడం మరిచారు అన్నదాన్ని బట్టి వచ్చాయి. అన్నయ్య కొడుక్కి నేను ఫోన్‌లో చెప్పింది కూడా అదే: నీ క్లాంపు బొమ్మ గీసి వదిలేయకు, దాన్ని మరొకడు ఎలా తయారు చేసుకోవాలో రాయి.

ఒక్కటి ఒప్పుకోవాలి. కెనడా కేసు తేలడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అన్నేళ్ళు లాయర్లకు చెల్లించడం చిన్న సంస్థకి తలకు మించిన భారం. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. సందేశంలో ఈ ఒక్క మాట రాసి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి.

కొత్తదనం లేదన్న మాటకి ఎక్కువ జవాబు అక్కర్లేదు. కూర్చునే తీరు మారడం పైన చెప్పాను. యెల్లోస్టోన్ జాతీయ పార్కులో పొగ, శబ్దం మీద గొడవ, 2002 నాటి కాలుష్య నిబంధనలు తెచ్చిన ఒత్తిడిలో ఆర్కిటిక్ క్యాట్, యమహా నాలుగు స్ట్రోకుల ఇంజన్లు దించాయి. బీఆర్‌పీ తన పడవ ఇంజన్ల విద్యను మంచు మీదికి తెచ్చి, ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఈ-టెక్ రెండు స్ట్రోకుల ఇంజన్ పెట్టింది. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచే టర్బో బండ్లొస్తున్నాయి, కరెంటు బండ్లూ వస్తున్నాయి. 2014 మోడల్‌కి యమహా తన ఇంజన్‌ని ఆర్కిటిక్ క్యాట్ కట్టిన ఛాసీలో పెట్టి అమ్మింది. శత్రువులని సందేశం చెప్పే కంపెనీలే ఇవి.

మిగిలిన నలుగురిలో యమహా కూడా 2023లో తప్పుకుంటున్నానని చెప్పి, 2025 మోడల్‌తో ఉత్తర అమెరికాలో ముగించింది. కారణంగా చెప్పింది ఈ వ్యాపారం నిలకడగా సాగడం కష్టమని. పేటెంటు ఊసే లేదు. 2025లో ఆర్కిటిక్ క్యాట్‌ని దాని అప్పటి యజమాని, టెక్స్‌ట్రాన్ అనే అమెరికా సంస్థ, అమ్మేసింది. ఆ టెక్స్‌ట్రానే 1968 నుంచి 1981 దాకా పొలారిస్‌కి యజమాని.

పిరమిడ్ ఫ్రేము పేటెంటు గడువు 2021లో తీరింది. ఆ కాగితం బొమ్మలతో సహా కెనడా పేటెంటు ఆఫీసు సైటులో ఉచితంగా దొరుకుతుంది. మొన్న మా వాడికి దాన్నే పంపాను. రాత్రి పదకొండింటికి వాడి దగ్గర నుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. గొట్టాలన్నీ కలిసే కొస చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద రాశాడు: "బాబాయ్, ఈ జాయింటు వెల్డింగా, బోల్టా?"